హెచ్-4 మీద వెళ్తున్నారా? మొదటి పాఠం రైతుబజారులో చెప్పండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. ఇంగ్లీషు ఎం.ఏ. చేసి జూనియర్ కళాశాలలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. మా వారు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నారు. నాకు హెచ్-4 వీసా, అంటే అక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబానికి ఇచ్చేది, వచ్చింది. ఉద్యోగం ఎలాగూ చేయకూడదు కాబట్టి, వలస వచ్చిన పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పే తరగతుల్లో ఉచితంగా పాఠం చెబుదామనుకుంటున్నాను. అందుకు వీసా అడ్డు వస్తుందా? నా యాస విని నవ్వుతారేమోనన్న బెరుకు కూడా ఉంది. మీ సలహా కావాలి.

జవాబు: నిక్షేపంగా చెప్పవచ్చునమ్మా, వీసా అడ్డు రాదు. గీత దాటకూడనిది జీతం, జీతమిచ్చి చేయించుకోవలసిన పని విషయంలోనే. లాభాపేక్ష లేని సంస్థలోనో, ఊరి గ్రంథాలయంలోనో, మామూలుగా స్వచ్ఛంద సేవకులే చేసే పనిని ప్రతిఫలం ఆశించకుండా చేస్తే అది ఉద్యోగం కిందికి రాదు. జీతమిచ్చి పెట్టుకోవలసిన ఉపాధ్యాయుడి కుర్చీలో మిమ్మల్ని ఊరికే కూర్చోబెడితే మాత్రం దాన్ని సేవ అనరు, జీతం లేని ఉద్యోగం అంటారు. గౌరవ వేతనమని, బహుమతి కార్డు అని ఎంత ప్రేమగా ఇవ్వబోయినా వద్దనండి. ‘కొన్నాళ్లు ఊరికే చేయండి, తర్వాత జీతం మీద తీసుకుంటాం’ అన్నారంటే అక్కడి నుంచి లేచి రండి. 2015 నుంచి కొందరు హెచ్-4 వారికి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, ఇస్తున్నారు. సాధారణంగా అది భర్తకో భార్యకో ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు, ఆమోదం పొందిన తర్వాతి మాట. అది చేతికొస్తే ఈ జాగ్రత్తలతో పనిలేదు.

దరఖాస్తు దగ్గర ఒక చిక్కు వస్తుంది. నేర చరిత్ర తనిఖీ కోసం చాలాచోట్ల సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. ఈఏడీ లేని హెచ్-4 వారికి మామూలుగా ఆ నంబరు ఇవ్వరు. ఆ గడిని ఖాళీగా వదిలేసి తప్పు చేసినవారిలా నసగవద్దు. ‘నాది డిపెండెంట్ వీసా, నంబరు రాదు, పాస్‌పోర్టు చూసి తనిఖీ చేయడానికి వీలవుతుందా?’ అని తరగతులు నడిపే సమన్వయకర్తను ముందే అడగండి. వలస వచ్చినవారితో రోజూ పనిచేసే మనుషులు కాబట్టి వారికి ఇది వింతగా ఉండదు.

ఇక యాస. మొదటి స్థాయిలో కూర్చున్న మనిషికి ఎదురుగా ఉన్నది మరో దేశం నుంచి వచ్చి ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి అని తెలిస్తే భయం సగం తగ్గుతుంది. అక్కడే పుట్టినవారికి ఈ సౌకర్యం లేదు. నన్నడిగితే యాస గురించి బెంగ పెట్టుకోవద్దు, ఊనిక మీద కొంచెం శ్రద్ధ పెట్టండి. మనం అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాం. వాళ్లు ఒకచోట నొక్కి, మిగతావి మింగేస్తారు. థర్టీన్, థర్టీ మన నోట ఒకేలా వినిపించేది అందుకే. అక్కడి తరగతిలో దీన్ని ఆటగా ఆడిస్తాం. నేర్చుకునేవారు ఒక అంకె చదువుతారు. నేను విన్నదాన్ని బోర్డు మీద రాస్తాను. వాళ్లు అనాలనుకున్న అంకెతో నాకు పనిలేదు, నా చెవికి ఏది వినిపిస్తే అదే రాస్తాను. గంటకు 15 డాలర్ల జీతం బోర్డు మీద 50 అయి కూర్చునేసరికి గది అంతా నవ్వుతుంది. చదివిన మనిషి పట్టుదలగా మళ్లీ చదువుతాడు. ఆ రోజు వ్యాకరణం ఊసే ఉండదు.

మీకు అసలు ఇబ్బంది మీ ఎం.ఏ. తోనే వస్తుంది. కోపం తెచ్చుకోకండి. జూనియర్ కళాశాలలో మాట్లాడేది మనం, వినేది పిల్లలు. నోట్సు చెప్పి, ముఖ్యమైన ప్రశ్నలకు గుర్తులు పెట్టించి, గంట కొట్టగానే బయటికి వస్తాం. పెద్దల తరగతిలో ఆ అలవాటుతో నిలబడితే నెల తిరిగేసరికి కుర్చీలు ఖాళీ అవుతాయి. పగలంతా హోటల్ గదులు శుభ్రం చేసో, గోదాములో పెట్టెలు మోసో వచ్చిన మనిషి అది. ఆమెకు క్రియా భేదాలు అక్కరలేదు. రేపు పొద్దున పిల్లవాడి బడికి ఫోన్ చేసి ‘జ్వరం, ఈరోజు రాడు’ అని చెప్పగలగాలి. గంటసేపు తరగతి జరిగితే అందులో ఎక్కువ భాగం వాళ్ల గొంతులే వినిపించాలి.

ఇలాంటి తరగతుల్లో చాలాచోట్ల ఆరు స్థాయిలుంటాయి. అన్నిటికన్నా కింది స్థాయిలో సొంత భాషలో కూడా చదవడం, రాయడం రానివారు ఉంటారు. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చినవారిలో చాలామందికి ఇంటి భాష మాయా భాషల్లో ఒకటి, స్పానిష్ కూడా వాళ్లకు నేర్చుకున్న భాషే. పక్క గదిలో ఉక్రెయిన్ ఇంజనీరు ఉండవచ్చు. ఆయనకు చదువు ఉంది, మాట లేదు. ఇద్దరికీ ఒకే పాఠం పనికిరాదు. ఏ స్థాయి కావాలని అడిగితే కొత్తవారు మొహమాటపడి ‘ఏదైనా సరే’ అంటారు. అలా అనకండి. మొదట్లో సహాయకురాలిగా అనుభవమున్న ఉపాధ్యాయురాలి పక్కన కూర్చుంటానని చెప్పండి.

విమానం ఎక్కేలోపు మీరు చేయవలసిన పని ఒకటుంది. విశాఖలో ఉండబట్టే ఇంత సులువుగా కుదురుతుంది. మన ఊళ్లో తూర్పు నౌకాదళం ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, రేవు ఉంది. పంజాబు నుంచో కేరళ నుంచో బదిలీ మీద వచ్చిన కుటుంబమో, ఒడిశా నుంచి పనికి వచ్చిన మనిషో మీ చుట్టుపక్కలే ఉంటారు. వారిలో తెలుగు నేర్చుకోవాలని ఉన్న ఒకరిని వెతికి పట్టుకోండి. ప్రయాణందాకా ఆ మనిషికి తెలుగు నేర్పండి, అదీ తెలుగులోనే. హిందీ ముక్క ఒక్కటి కూడా రాకూడదు. ఇంగ్లీషు అసలే వద్దు.

ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి వంకాయలు, బెండకాయలు, చిక్కుడుకాయలు, ఒక కొత్తిమీర కట్ట తెచ్చి బల్ల మీద పరవండి. వంకాయ చేతిలోకి తీసుకుని ‘వంకాయ’ అనండి. మీ దగ్గర తెలుగు నేర్చుకునే ఆవిడ చేత అనిపించడానికి తొందరపడకండి. ‘వంకాయ ఇవ్వండి’ అని చేయి చాపండి. ఇస్తుంది. ‘బెండకాయలు సంచిలో వేయండి.’ వేస్తుంది. నోరు ఇంకా తెరవలేదు, అయినా అర్థమైందని మీకూ తెలిసింది, ఆవిడకూ తెలిసింది. మాట్లాడించే ముందు చేయించే ఈ పద్ధతికి జేమ్స్ ఆషర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1960లలో ఒక రూపం ఇచ్చారు. అక్కడి శిక్షణలో టీపీఆర్ (టోటల్ ఫిజికల్ రెస్పాన్స్) అంటే ఇదే. మరునాడు మీరు అమ్మండి, ఆవిడ కొంటుంది. కిలో ఎంత, అరకిలో ఇవ్వండి, చిల్లర లేదు. ఆ తర్వాత ఆవిడను నిజంగానే బజారుకు తీసుకువెళ్లి మీరు కాస్త దూరంగా నిలబడండి.

అమ్మే మనిషి మీరు నేర్పిన మాట అనడు. ఇంకేదో అంటాడు, గబగబా అంటాడు. ఆవిడ మీ వైపు దిక్కులు చూస్తుంది. వెళ్లి హిందీలో చెప్పేయాలని మీకు నోరు దురద పెడుతుంది. దాన్ని ఆపుకోవడంలోనే సగం శిక్షణ ఉంది. ఆవిడ తనంతట తాను ‘మళ్లీ చెప్పండి’ అనగలిగితే ఆనాటి పాఠం అయినట్టే. మొదటి వారంలో కూరగాయల పేర్లకన్నా ముఖ్యంగా నేర్పవలసినవి ఇవి: మళ్లీ చెప్పండి, నెమ్మదిగా చెప్పండి, రాసి చూపించండి. న్యూజెర్సీలోనూ మొదటి వారం మీరు చెప్పేది ఈ మూడే, ఇంగ్లీషులో.

పాఠానికి సరుకు బతుకులోంచే రావాలన్నది మన తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో వయోజన విద్యా తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివి ఊరుకోలేదు, సారా దుకాణం మీదికి వెళ్లారు. 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం అక్కడి నుంచే పాకింది. అమెరికాలో ఇదే దారి పట్టిన మనిషి రూత్ కాల్విన్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో 1962లో పెద్దలకు చదువు నేర్పడానికి ఆమె మొదలుపెట్టిన పని పెరిగి పెద్ద సంస్థ అయింది, 2002లో మరో సంస్థతో కలిసి ప్రోలిటరసీ అయింది. వృత్తిరీత్యా ఆమె ఉపాధ్యాయురాలు కాదు, గృహిణి. 107 ఏళ్లు బతికి 2024లో కన్నుమూసింది. మీరు చేరే సంస్థలో ఇచ్చే శిక్షణ పుస్తకాల మీద ప్రోలిటరసీ పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

తరగతి గదిలో నాకు బాగా పనికొచ్చిన కిటుకు ఒకటి చెబుతాను. డాక్టరు అపాయింట్‌మెంట్ పాఠానికి రెండు కుర్చీలు వీపు వీపు ఆనేలా వేయండి. ముఖం కనిపిస్తే చేతులతో, కళ్లతో నెట్టుకొస్తారు. ఫోనులో ఆ వీలుండదు కదా. ఒకరు ఆసుపత్రి గుమస్తా, ఒకరు రోగి. పేరు అక్షరం అక్షరంగా చెప్పాలి, పుట్టిన తేదీ చెప్పాలి. తేదీ దగ్గర సగం మంది తడబడతారు. మార్చి 4ను మనం 04/03 అని రాస్తాం, అక్కడ 03/04 అని రాయాలి. చాలా దేశాలవారికి మన అలవాటే. పేరు గడులూ అంతే. ఇంటిపేరు ముందు రాసే మనకు ఆ బాధ బాగా తెలుసు. పాస్‌పోర్టులో ఒక్కటే పేరు ఉన్న మనవాళ్లెందరికో వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే ‘మొదటి పేరు తెలియదు’, అని పడి, తర్వాత నానా తిప్పలూ వచ్చాయి. ఈ అనుభవం మీకు పాఠంలో బాగా పనికొస్తుంది.

అడగకూడనివి కొన్నున్నాయి. ఎలా వచ్చారు, కాగితాలు ఉన్నాయా అన్న ప్రశ్న మీ నోట రాకూడదు. తరగతి పుస్తకంలో ‘మీ కుటుంబం గురించి చెప్పండి’ అనే పాఠం తప్పకుండా ఉంటుంది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారి ముందు దాన్ని తెరవకండి. పొరుగింటి గురించో, వంట గురించో చెప్పించండి. రెండు వారాలు రాని మనిషి మూడో వారం వస్తే కారణం అడక్కుండా కుర్చీ చూపించండి. హాజరు పిలిచి చీవాట్లు పెట్టడం మన కళాశాలల్లోనే వదిలేసి వెళ్లండి.

పౌరసత్వ పరీక్షకు చదివించమని అడిగేవారు ఉంటారు. చదివించవచ్చు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి ప్రశ్నల జాబితా 128కి పెరిగింది. 20 అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్లు ఉండి 50 ఏళ్లు దాటినవారికి, 15 ఏళ్లు ఉండి 55 దాటినవారికి ఇంగ్లీషు పరీక్ష ఉండదు, ఈ ప్రశ్నలకు సొంత భాషలోనే జవాబు చెప్పవచ్చు. ఇది తెలియక ఎందరో పెద్దవాళ్లు దరఖాస్తు పెట్టకుండా ఆగిపోతారు. ఇంతవరకు చెప్పండి, చాలు. దరఖాస్తు నింపి పెట్టమంటే మాత్రం ఒప్పుకోకండి. అది లాయర్ల పని, లేదా న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధుల పని. మంచికి పోయి మీరు పెట్టే ఒక టిక్కు గుర్తు వాళ్ల కొంప ముంచగలదు.

ఇలాగే వలస వచ్చినవారికి ప్రభుత్వ ఖర్చుతో ఇంగ్లీషు నేర్పే తరగతులు వేరే దేశాల్లోనూ ఉన్నాయి: కెనడాకు వెళ్లేవారు లింక్ తరగతుల గురించి, ఆస్ట్రేలియాకు వెళ్లేవారు 1948 నుంచి నడుస్తున్న ఏఎంఈపీ గురించి విచారించండి. అక్కడ పాఠం చెప్పేది జీతం తీసుకునే ఉపాధ్యాయులే. కొన్నిచోట్ల పక్కన సాయానికి సేవకులను తీసుకుంటారు.

ఒక మాట కటువుగానే అంటాను. అనుభవ పత్రం కోసం చేరి, మూడు వారాలకే మానేసే మనవాళ్లను చూశాను. ఒక విడత పూర్తయ్యేదాకా రాగలనన్న నమ్మకం ఉంటేనే పేరు ఇవ్వండి. ఊరు మారే అవకాశం ఉంటే ఆ సంగతి మొదటే చెప్పండి. సంభాషణ బృందాలకైతే అంత కట్టుబాటు అక్కరలేదు, వచ్చిన రోజు వస్తారు.

మీ ప్రయాణం ఎప్పుడో రాయలేదు. చాలా తరగతులు సెప్టెంబరులో, మళ్లీ జనవరిలో మొదలవుతాయి. అంతకు ముందే శిక్షణ ఉంటుంది కాబట్టి వెళ్లిన వారంలోనే దగ్గర్లోని లైబ్రరీకి వెళ్లి అడగండి. మీకు కారు నడపడం వచ్చేదాకా ఇంటి నుంచి నడిచి వెళ్లగల చోటే ఒప్పుకోండి. పెద్దల తరగతులు ఎక్కువగా సాయంత్రమే పెడతారు. డిసెంబరులో న్యూజెర్సీలో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, రాత్రి తొమ్మిదికి తరగతి వదిలేసరికి బస్సులు పలచబడతాయి. తిరుగు ప్రయాణం ఎవరితోనో ముందే మాట్లాడుకుని పెట్టుకోండి.