తుఫానులో బోటు మీదే ఉండొచ్చా? లంగరు సంగతి తర్వాత, ముందు తాడు చూడండి

"మాది తిరుపతి. 30 అడుగుల పాత సెయిల్ బోటు కొని తడ, పులికాట్ వైపు నీళ్ళ మీదే కాపురం పెడదామని ఉంది. తుఫాను వస్తే బోటులోనే ఉండిపోవచ్చా? ఎన్ని కిలోల లంగరు కావాలి?" అని అడిగారు.

పులికాట్ మాట ముందు తేల్చేద్దాం. అక్కడ సగటు లోతు మీటరుకి అటూ ఇటూ. మీ బోటు అడుగున రెక్కలా ఉండే కీలే (keel) సుమారు మీటరున్నర నీళ్ళలోకి దిగుతుంది. పైగా గాలి గంటల తరబడి ఒకే దిక్కు నుంచి కొడితే నీళ్ళన్నీ ఒక ఒడ్డుకి పోగుపడి, రెండో పక్క బురద తేలుతుంది. చాలా భాగం పక్షుల అభయారణ్యం కూడా. లోతున్న క్రీకో (సముద్రపు పాయ), హార్బరో వెతుక్కోండి.

లంగరు రోజువారీకి 10-12 కిలోలు, తుఫానుకి 15-20 కిలోలు. బురదకి, ఇసుకకి వెడల్పు రెక్కలున్నదే పట్టు ఇస్తుంది. నాలుగు కొక్కేలది చిన్న పడవలకి సరే, మీకు పనికిరాదు. యూట్యూబ్ చూసి వచ్చినవాళ్ళంతా ఈ బరువు దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే, మంచి లంగరు నేలలో దిగబడి ఉండగానే బోటు కొట్టుకుపోతుంది, తాడు తెగి.

తాడు ఎంత పొడవు? నీళ్ళ లోతు, బోటు ముందు భాగం ఎత్తు, రాబోయే ఉప్పెన ఎత్తు కలిపి దానికి పదింతలు. లోతు 4 మీటర్లు, ఎత్తు 1, ఉప్పెన 2 అనుకుంటే 70 మీటర్లు. తక్కువ వదిలితే లాగుడు పైకి పడి లంగరు పెళ్ళగిలి వస్తుంది. 16 మిల్లీమీటర్ల నైలాన్ తాడు, లంగరు దగ్గర 8 మిల్లీమీటర్ల గొలుసు కనీసం 10 మీటర్లు. హార్డ్‌వేర్ షాపుల్లో "మెరైన్" అని స్టిక్కరేసి అంటగట్టే పచ్చ, నీలం ప్లాస్టిక్ తాడు వద్దే వద్దు. ఎండకి పెళుసెక్కుతుంది, రాపిడికి కరిగిపోతుంది, సాగదు.

నైలాన్ సాగుతుంది, అందుకే కుదుపు తట్టుకుంటుంది. కానీ సాగిన ప్రతిసారీ బోటు అంచు మీద రంపంలా ముందుకీ వెనక్కీ కోసుకుంటుంది. గాలి 60 కిలోమీటర్ల నుంచి 120కి పెరిగితే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు. అంచు తగిలే చోట నేత రకం ఫైరు హోసు ముక్కో, మందపాటి కాన్వాసో రెండు పొరలు చుట్టి, అటూ ఇటూ ఒక అడుగు మిగిలేలా ఉంచి, జారకుండా దారంతో తాడుకే కుట్టేయాలి. రబ్బరు గొట్టం తొడగొద్దు. లోపల వేడి పుట్టి, వాన నీళ్ళు తగలక, నైలాన్ దానంతటదే మెత్తబడి తెగుతుంది. అంచు మీద పాలిస్టర్ తాడు, బయట నైలాన్ తాడు పెట్టి కలిపితే ఇంకా మేలు. తాడు కట్టే క్లీట్ కింద డెక్ లోపలివైపు గట్టి ప్లేటుందో లేదో చూడండి. పాత బోట్లలో ఒక్కోసారి ఉత్త వాషర్లే ఉంటాయి. అట్లయితే తాడు నిలిచినా క్లీటే ఊడొస్తుంది.

ఇక దిక్కు. టీవీవాళ్ళు నడుంలోతు నీళ్ళలో నిలబడి అరుస్తారేగానీ గాలి ఎటునుంచి ఎటు తిరుగుతుందో ఒక్కరూ చెప్పరు. మనకి కావాల్సింది అదే. 2016 డిసెంబరు 12న వర్దా తుఫానులాగా చెన్నై దగ్గర తీరం దాటితే, తడ వైపు గాలి ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయంగా తిరుగుతుంది. సముద్రం మీద నుంచి వచ్చే గాలి, అలలతో సహా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫానులాగా పైకెళ్ళి బాపట్ల దగ్గర దాటితే ఉత్తరం, వాయవ్యం, పడమరగా. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం మీ ఎడమ చేతి పక్కన, కాస్త ముందుకు ఉన్నట్టు. గాలి తిరిగేదే గనక మూడు లంగర్లు 120 డిగ్రీల ఎడంతో వేసి, తాళ్ళు మధ్యలో ఒకే స్వివెల్‌కి (మెలిపడకుండా గిర్రున తిరిగే లింకుకి) కలపడం మంచిది.

కేంద్రం నేరుగా మీదికే వస్తే, 2014లో హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినట్టు, ఉన్నట్టుండి గాలి పడిపోతుంది. అయిపోయిందని ఊపిరి పీల్చుకోవద్దు. అలలు మాత్రం నాలుగు పక్కల నుంచీ కొడుతుంటాయి, తాళ్ళు వదులై కీలుకో ప్రొపెల్లర్‌కో చుట్టుకుంటాయి. ఈ కాసేపట్లోనే వదులు లాగి, అరిగిన చుట్లు మార్చి, లోపలికి వచ్చేయాలి. బారోమీటరు ముల్లు పైకి కదిలిందంటే గాలి రెండో వైపు నుంచి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ చీకట్లో వాన మొహానికి అడ్డంగా కొడుతుంటే కళ్ళు తెరవలేం, ఈత కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఇంజను నెమ్మదిగా ముందుకు నడిపి లంగరు మీద భారం తగ్గించొచ్చు గానీ, కొట్టుకొచ్చే ప్లాస్టిక్ కవర్లు కూలింగు నీళ్ళ దారి మూసేస్తాయి, ఆ నీళ్ళు పొగగొట్టంలోంచి బయటికి వస్తున్నాయో లేదో చూస్తుండాలి. తిండికి పులిహోర కలిపి పెట్టుకోండి, స్టవ్ ముట్టించే పని ఉండదు.

ఇంత చెప్పాక కూడా నా మాట, ఉండొద్దు. రేవుల్లో ఎగరేసే తుఫాను హెచ్చరికల్లో 8 నుంచి 10 దాకా నంబర్లు మహా ప్రమాద హెచ్చరికలు. వాటిలో ఏది ఎగరేసినా దిగిపోండి, అదీ గాలి లేవక ముందే. దిగేముందు తెరచాపలు, గుడారం బట్ట, సోలార్ ప్లేట్లు విప్పి లోపల పడేయండి, గాలికి పట్టేవి అవే. డెక్ నీళ్ళు బయటికి పోయే గొట్టాలు తప్ప మిగతా సీకాక్‌లన్నీ (బోటు గోడలోంచి సముద్రంలోకి తెరుచుకునే గొట్టాల కుళాయిలు) మూసేయండి. బోటు అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు 8 ఆంపియర్లు లాగితే 100 ఏహెచ్ బ్యాటరీలో సగం ఆరు గంటలకే ఖాళీ, కాబట్టి రెండోది కూడా నిండుగా ఛార్జ్ చేసి కలిపి వెళ్ళండి. కోస్టుగార్డు నంబరు 1554.