సెలవుల తర్వాత తెరుచుకోని లాప్‌టాప్‌లు

ప్రశ్న: మా బడికి దాతలు ఇచ్చిన 20 విండోస్ లాప్‌టాప్‌లను వేసవి సెలవుల్లో బీరువాలో పెట్టాం. జూన్‌లో తీస్తే ఏడింటిలో తేదీ ఏళ్ల వెనక్కి పోయింది. వైఫై కలుస్తోంది గానీ పిల్లల లాగిన్ అవడం లేదు. వాటిలోనే రెండు 48 అంకెల కీ అడుగుతున్నాయి. వైరస్సా?
– ఒక ఉపాధ్యాయిని, ఉప్పల్

జవాబు: వైరస్ కాకపోవచ్చు టీచర్‌గారూ. మదర్‌బోర్డు మీద ఉండే సీమాస్ బ్యాటరీ అయిపోయిన లక్షణాలివి. పెద్ద బ్యాటరీ పూర్తిగా దిగిపోయాక గడియారాన్ని నడిపేది ఈ చిన్న బిళ్లే.

తేదీ తప్పితే లాగిన్ ఎందుకు ఆగుతుందంటే, భద్రమైన ప్రతి సైటూ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లే సర్టిఫికెట్ చూపిస్తుంది. లాప్‌టాప్ ఇంకా 2015లోనే ఉన్నాననుకుంటే, దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. చెల్లదని తోసేస్తుంది. దొంగను ఆపాల్సిన తాళం పిల్లాడి మీద పడింది.

ఇది కొత్త చిక్కేమీ కాదు. పేద దేశాల పిల్లల కోసం తయారైన ఎక్స్‌ఓ లాప్‌టాప్‌కు 2007లో బిట్‌ఫ్రాస్ట్ అనే భద్రతా పద్ధతి రూపొందించారు. దాని దొంగతన నిరోధక ఏర్పాటులో లాప్‌టాప్ సర్వర్‌ను పలకరిస్తూ గడువు పొడిగించుకోవాలి, గడువు దాటితే పనిచేయదు. ఇంటర్నెట్ అందని ఊళ్లోనూ, గడియారం చెడినప్పుడూ నష్టపోయేది పిల్లలే. తాళం పెట్టడం తప్పని నేననను. తాళంచెవి బడికి దగ్గర్లో లేకపోవడమే తప్పు.

ఇక రిపేరు. ముందు కీ సంగతి చూడండి. బ్యాటరీ పోయి బయాస్ (విండోస్ కన్నా ముందు లేచే మూల ప్రోగ్రామ్) సెట్టింగులు మారితే, డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్‌కు అనుమానం వచ్చి 48 అంకెలు అడుగుతుంది. తెర మీద కనిపించే కీ ఐడీ రాసుకోండి. మొదట లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో, బడి ఖాతాలైతే అడ్మిన్ దగ్గరో ఆ ఐడీకి సరిపోయే కీ ఉంటుంది. అది దొరికేదాకా ఎవరు చెప్పినా రీసెట్ చేయకండి. కీ ఎక్కడా లేకపోతే లాప్‌టాప్ దక్కుతుంది గానీ పిల్లలు చేసిన పని పోతుంది. మిగతా ఐదింటిలో విండోస్‌లోకి వెళ్లగలిగితే, విప్పకముందే బిట్‌లాకర్‌ను సస్పెండ్ (తాత్కాలికంగా నిలుపుదల) చేయండి.

చార్జర్ తీసి, లోపల పెద్ద బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టండి. తర్వాత బిళ్లను విడిగా తీసి మల్టీమీటర్‌తో 20 వోల్టుల డీసీ రేంజ్‌లో కొలవండి. కొత్తదైతే 3 పైన చూపిస్తుంది, 2.7కు దిగితే మార్చేయండి. చాలా వాటిలో సీఆర్2032 ఉంటుంది. కొన్నింటిలో అదే బిళ్లకు రెండు వైర్ల కనెక్టర్ ఉంటుంది, పాతది పట్టుకెళ్లి ప్లస్, మైనస్ సరిచూసుకుని కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో గానీ సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) గానీ వెతకండి. బిళ్ల మీద నేరుగా టంకం పెట్టొద్దు, వేడికి పగలొచ్చు. బిగించాక ముందు బయాస్‌లో తేదీ, ఏడాదితో సహా సరిచేసి, ఆ తర్వాతే లాగిన్ చేయండి.

వచ్చే ఏప్రిల్‌లో సగం చార్జింగ్‌తో ఆపేసి, రేకుల గదిలో కాకుండా చల్లటిచోట దాచండి. నెలకోసారి తీసి చార్జింగ్ చూడండి.

ప్రశ్న: అబ్బాయికి సెకండ్‌హ్యాండ్ క్రోమ్‌బుక్ కొన్నాను. ఫార్మాట్ చేస్తే ఏదో బడి పేరు వచ్చి ఆగిపోతోంది.
– ఒక తండ్రి, మలక్‌పేట

జవాబు: ఎన్నిసార్లు పవర్‌వాష్ (క్రోమ్‌బుక్‌లో ఫార్మాట్‌కు పేరు) చేసినా పోదండీ, అది ఆ బడిదన్న నమోదు గూగుల్ సర్వర్‌లో ఉంది. ఆ బడి అడ్మిన్ తన జాబితాలోంచి తీసేస్తేనే విడుదల. సీరియల్ నంబర్ రాసి ఆ బడికి పంపండి, ఒప్పుకోకపోతే అమ్మినవారికి తిరిగిచ్చేయండి. మళ్లీ కొనేటప్పుడు డబ్బు ఇవ్వకముందే అక్కడే పవర్‌వాష్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. నెట్ లేకుండా చూస్తే ఆ తాళం బయటపడదు.