జైళ్ల మీద కన్నేసి ఉంచే ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ వాళ్లతో ఒకసారి జైలు చూసొచ్చింది. అప్పటినుంచి ఖైదీల కోసం పనిచేస్తానని, క్రిమినాలజీలో (నేరశాస్త్రంలో) పీజీ చేస్తానని పట్టుబట్టింది. ఈ దారిలో బతుకుదెరువు ఉంటుందా? ఆడపిల్లను జైళ్ల చుట్టూ తిప్పడం మంచిదేనా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ రోజు జైల్లో ఏం చూసి మనసు కదిలిందో ముందు మీ అమ్మాయిని అడగండి. ఆమె ఏం చదవాలన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది.

2022 చివరినాటికి మన దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉన్నారు. ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. వాయిదాల మీద వాయిదాలు పడుతూనో, బెయిలొచ్చినా ష్యూరిటీ ఇచ్చేవాళ్లు దొరక్కనో లోపల మగ్గేవాళ్లు వీళ్లలో ఉంటారు. కాబట్టి జైలును పర్యవేక్షించడమంటే అన్నం ఉడికిందా, బ్యారక్ ఊడ్చారా అని చూసి రావడం ఒక్కటే కాదు. ఫలానా మనిషి ఇవాళ్టికీ లోపలే ఎందుకున్నాడని కాగితం పట్టుకుని అడగగలగాలి.

ఇంట్లో దొంగతనం చేశాడన్న కేసే తీసుకోండి. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని వ్యక్తి అందులో మూడో వంతు, అంటే రెండేళ్ల నాలుగు నెలలు విచారణ ఖైదీగా గడిపితే కోర్టు అతణ్ని బాండు మీద వదలాలి. గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. అతని మీద వేరే కేసులుంటే ఈ వెసులుబాటు రాదు. జీవితఖైదు, మరణశిక్ష పడే నేరాలకూ లేదు. ఇవన్నీ చూసి, తేదీలు లెక్కగట్టి, జాబితా సూపరింటెండెంట్ బల్ల మీద పెట్టే మనిషి ఉంటే ఖైదీ ఇంటికెళ్తాడు. అడిగే దిక్కు లేకపోతే గడువు దాటినా లోపలే ఉండిపోయే ప్రమాదముంది. మీ అమ్మాయి చేస్తానంటున్న పని నా దృష్టిలో ఇదే. చాలా విలువైన పని.

అందుకే నేను ఎల్ఎల్‌బీ చేయమంటాను. క్రిమినాలజీ మంచి శాస్త్రమే, కానీ మన నోటిఫికేషన్లలో ఆ పేరుతో పోస్టు కనబడటం చాలా అరుదు. పైగా కోర్టులో ఖైదీ తరఫున నిలబడి వాదించే హక్కు ఆ డిగ్రీతో రాదు. బీఏ అయ్యాక లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాస్తే మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరొచ్చు. ఆ తర్వాతి మెట్టు నాకెంతో ఇష్టమైనది. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. ఇందుకోసం 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకం వచ్చింది. నిందితుల తరఫున వాదించే లాయర్లను ఇందులో జీతం మీద పెట్టుకుంటారు. అసిస్టెంట్‌గా మూడేళ్లలోపు అనుభవమున్న లాయర్లనే తీసుకుంటారు. డిప్యూటీకి ఏడేళ్లు, చీఫ్‌కు పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీసు ఉండాలి. ఉద్యోగం కాంట్రాక్టుదే, సొంత కేసులు పట్టుకోకూడదు. అయినా జైలు క్లినిక్‌లో, అంటే జైల్లోని న్యాయసహాయ కేంద్రంలో, ఖైదీ చెప్పుకున్నది విని, దాన్ని కోర్టు దాకా మోసుకెళ్లే కొలువు ఇంతకన్నా సూటిగా మరొకటి నాకు తెలియదు. మూడేళ్ల ప్రాక్టీసు పూర్తయితే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష కూడా రాయొచ్చు.

కోర్టు కన్నా మనుషుల వైపే మొగ్గితే, సోషల్ వర్క్ చదవడానికి ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఉంది. జైళ్లలో పనిచేసే ‘ప్రయాస్’ 1990లో అక్కడే మొదలైంది. ఇక యూనిఫాం సంగతి. వార్డర్ (జైలు కాపలా సిబ్బంది) పోస్టుకు ఇంటర్ చాలు, మహిళలకూ ఉన్నాయి. కానీ తెలంగాణ 2022 గ్రూప్-1 ప్రకటనలో జైళ్ల డిప్యూటీ సూపరింటెండెంట్ పోస్టులు పురుషులకే అని రాశారు. చంచల్‌గూడలో ప్రత్యేకంగా మహిళా జైలున్న రాష్ట్రంలో ఇలా ఉండటం నాకు బాధగానే ఉంది.

జర్నలిస్టు సుకన్య శాంత గురించి మీ అమ్మాయికి తప్పక చెప్పండి. జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించడం మీద ఆమె పరిశోధించి రాశారు, తర్వాత సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 2024 అక్టోబరు 3న కోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. జైలు శాఖలో ఏ ఉద్యోగమూ లేకుండానే ఆమె ఇది సాధించారు.

ఇక మీ భయం. మహిళల బ్యారక్‌లో మహిళా సిబ్బందే ఉంటారు. లాయరైనా వాలంటీరైనా అనుమతితోనే లోపలికి వెళ్తారు. ఒంటికి వచ్చే ముప్పు కన్నా మనసుకు తగిలే దెబ్బే ఎక్కువ. తల్లితో పాటు జైల్లో పెరుగుతున్న పసిపిల్లను చూసి వచ్చిన రోజు అన్నం సహించదు. మొదటి నాలుగైదేళ్లు డబ్బూ తక్కువే. అంతకాలం ఇంటి నుంచి చేయూత ఇవ్వగలరో లేదో ఇప్పుడే లెక్క చూసుకోండి.

ఫీజులు కట్టకముందే ఒక పని చేయండి. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. న్యాయసహాయంలో తోడ్పడే పారా లీగల్ వాలంటీర్లను ఎప్పుడు ఎంపిక చేస్తారో అక్కడ కనుక్కోండి. లా డిగ్రీ అక్కర్లేదు, శిక్షణ వాళ్లే ఇస్తారు, పనిచేసిన రోజుకు కొంత గౌరవ భత్యం ఉంటుంది. జైలు క్లినిక్‌లో వేయమని అడిగి, ఒక ఆరు నెలలు చేయనివ్వండి. అప్పటికీ ఇదే మాట మీద ఉంటే లాసెట్‌కు దరఖాస్తు పెట్టించండి. మొదటి రోజు ఆ కార్యాలయానికి మీరు కూడా తోడు వెళ్లండమ్మా.