ఇగ్బోల పాత మతమంటే జుజు ఒక్కటేనా? ఒనిచాలో పని చేసినవాడిగా నా జవాబు

మీకు నైజీరియాలోని ఎనుగులో ఉద్యోగం వచ్చింది, ఇంట్లోవాళ్ళు అక్కడి నాలీవుడ్ సినిమాల క్లిప్పులు చూసి అక్కడంతా జుజు, చేతబడి, నరబలి అని టెన్షన్ పడుతున్నారు, ఆ ప్రాంతపు ఇగ్బో జాతివాళ్ళ పాత మతం నిజంగా అలాంటిదేనా, దూరంగా ఉండాలా అని అడిగారు.

నేను ఒనిచా నగరం పక్కనే ఒగిడి వైపు, మందులు పంపిణీ చేసే ఒక కంపెనీ గోడౌన్ చూసుకుంటూ కొన్నేళ్ళున్నాను. మతాల మీద చదువుకున్నవాణ్ణి కాదు, కుర్రాళ్ళతో, డ్రైవర్లతో, గోడౌన్ ఇచ్చిన ఓనరు పెద్దాయనతో మాట్లాడి తెలుసుకున్నదే చెప్తాను. నేను చూసినంతలో ఈ మతంలో మంత్రాల కంటే లెక్కాజమా ఎక్కువ. ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్నదే అసలు విషయం. మనిషి నేలకీ, ఊరికీ, పోయిన పెద్దలకీ జవాబు చెప్పాలి, ఆ మాటకొస్తే దేవుళ్ళు కూడా మనిషికి జవాబు చెప్పాలి.

ముందు ఒక సంగతి. మీరు కలిసేవాళ్ళలో దాదాపు అందరూ క్రైస్తవులే. ఒనిచాకి ఆంగ్లికన్ మిషన్ 1857లోనే వచ్చింది, 1885లో కేథలిక్‌లు వచ్చారు. ఆదివారం పొద్దున రోడ్లన్నీ చర్చికి వెళ్ళేవాళ్ళతో నిండిపోతాయి. పాత మతాన్ని (ఓడినాని అంటారు, కొన్నిచోట్ల ఓడినాలా) పూర్తిగా పాటించేవాళ్ళు తక్కువే. కానీ అది పోయిందనుకుంటే మాత్రం అక్కడ ఏదీ అర్థం కాదు.

పైన చుక్వు అనే పరమాత్మ ఉన్నాడు. ఆయనకు గుళ్ళూ బలులూ పెద్దగా ఉండవు, రోజువారీ వ్యవహారమంతా భూదేవితోనే. ఆమెను ఆలా అంటారు, మా అనంబ్ర రాష్ట్రం వైపు ఆనీ అంటారు. పంట ఇచ్చేదీ ఆమే, నీతి చూసేదీ ఆమే. సొంతవాణ్ణి చంపడం, రక్తసంబంధంలో తప్పు చేయడం, పొలంలోంచి పెండలం దుంపలు దొంగిలించడం, ఇవి ఎదుటి మనిషి మీద చేసిన నేరాలుగా ఆగిపోవు, నేల మీద చేసిన నేరాలు. పూజారి వచ్చి శుద్ధి చేసేదాకా ఊరంతటికీ మైలే. పోయిన పెద్దలు కూడా ఆ నేలలోనే ఉంటారు కాబట్టి శవాన్ని సొంత ఊళ్ళో, సొంత ఇంటి ఆవరణలోనే పాతిపెట్టాలి. లేగోస్‌లో పోయినా, లండన్‌లో పోయినా శవం ఇంటికి రావాల్సిందే, అప్పులు చేసైనా సరే. ఈ ఆచారాన్ని పాస్టర్లు కూడా మార్చలేకపోయారు.

మా గోడౌన్ ఉన్న ఒగిడి, ఆ చుట్టుపక్కల ఒబోసి, న్నోబి, ఇవన్నీ ఇడెమిలి అనే నదీదేవత ప్రాంతం. ఆమె తాలూకు పాము కొండచిలువ, మరీ పెద్దది కాదు, నాలుగైదు అడుగుల రకం, విషం ఉండదు. ఒక వర్షాకాలం పొద్దున సెలైన్ కార్టన్లు జరుపుతుంటే వెనక ఒకటి కనిపించింది. నేను కర్ర కోసం చూస్తుంటే మా వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. అతను కేథలిక్, మెడలో జపమాల ఎప్పుడూ ఉంటుంది. వంగి, ఏదో గొణుగుతూ, రెండు చేతులతో ఎత్తాడు. అది తల లోపలికి లాక్కుని ఉండలా చుట్టుకుపోయింది, కరిచే ప్రయత్నం కూడా చేయలేదు. గేటు బయట పొదల్లో వదిలేసి, చేతులు కడుక్కుని, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. నువ్వు క్రైస్తవుడివి కదా అంటే, "నేను క్రైస్తవుణ్ణే సార్, ఈ నేల కాదు కదా" అన్నాడు. పొరపాటున దాన్ని చంపినవాడు మనిషికి చేసినట్టే పెట్టెలో పెట్టి, గుడ్డ కప్పి, ఖర్చు పెట్టుకుని అంత్యక్రియలు చేయాలి. రాత్రిపూట ఆ రోడ్ల మీద మా డ్రైవర్లు ఎందుకంత మెల్లగా వెళ్తారో నాకు ఆరోజు తెలిసింది.

ఇక కోలా కాయ, ఓజి అంటారు. ఎవరింటికి వెళ్ళినా ముందు అదే. ఓనరు ఇంటికి అద్దె విషయం మాట్లాడటానికి వెళ్తే, విషయం ఎత్తేలోపే ప్లేటులో ఓజి, పక్కన వేరుశనగ ముద్ద, మిరియాల్లాంటి చిన్న గింజలు వచ్చేవి. ప్లేటు వచ్చినవాళ్ళందరి చేతుల్లోంచి వరసగా తిరిగి మళ్ళీ ఆయన చేతికి రావాలి. అప్పుడు ఆయన కాయ పైకెత్తి ప్రార్థన చేస్తాడు, అదీ ఇగ్బోలోనే, ఎందుకంటే ఓజికి ఇంగ్లీషు రాదట. చుక్వుని, ఆలాని, పెద్దల్ని పిలిచి అందరికీ ఆయుష్షు అడుగుతాడు. "గద్దా వాలనీ, డేగా వాలనీ, వద్దన్నదాని రెక్క విరగనీ" అనే మాట ప్రతిసారీ ఉంటుంది. తర్వాత కాయ పగలగొట్టి బద్దలు లెక్కపెడతారు. నాలుగు వస్తే సంతోషం, ఎందుకంటే వాళ్ళ వారానికి నాలుగే రోజులు, ఎకే, ఓరియే, అఫో, న్క్వో, ఒక్కో ఊరి సంత ఒక్కో రోజు. (ఈ నాలుగు రోజుల వారం మన క్యాలెండర్‌లో ఎక్కడా కుదరదు. న్నేవీ రూటుకి సరుకు పంపడానికి నేను తయారుచేసిన నెలవారీ షీట్లన్నీ డ్రైవర్లు పక్కన పడేసి వేళ్ళ మీద లెక్కేసుకునేవాళ్ళు.) రెండే బద్దలుండే రకం కూడా ఉంది, దాన్ని ఊరికే నములుతారు గానీ ప్రార్థనకు పెట్టరు. కాయ కటిక చేదు, ఆ తర్వాత మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయి. బయల్దేరేటప్పుడు ఒక కాయ మీ చేతిలో పెడితే కాదనకండి. ఓజి ఇంటికి చేరితే ఎక్కడి నుంచి వచ్చిందో అదే చెబుతుందంటారు. ఆడవాళ్ళను మాత్రం కాయ పగలగొట్టనివ్వరు. అక్కడి చదువుకున్న అమ్మాయిలకు దీని మీద చాలా కోపం ఉంది, నాకైతే ఆ కోపం న్యాయమే అనిపించింది.

దేవుళ్ళు కూడా జవాబు చెప్పాలన్నాను కదా, దానికి ఇకెంగా అనే కొయ్యబొమ్మే సాక్ష్యం. తల మీద కొమ్ములుంటాయి, మగవాడి కుడిచేతి బలానికి, సంపాదనకు గుర్తు. ఎవరిది వాళ్ళకే, మనిషి పోతే దాన్ని రెండుగా చీల్చేసేవారు. ఇప్పుడు ఇళ్ళలో కంటే మ్యూజియాల్లోనే ఎక్కువ కనిపిస్తాయి. పని చెయ్యని ఇకెంగాను కట్టెల కింద కొట్టెయ్యమని సామెత. ప్రతి మనిషికీ 'చి' అని తనదైన దైవాంశ కూడా ఒకటుంటుంది, కానీ అది నుదుటి రాత లాంటిది కాదు. మనిషి సరే అంటే అతని చి కూడా సరే అంటుందని వాళ్ళ నమ్మకం. అంత వ్యాపారం చేసే జాతికి ఈ నమ్మకం భలే సరిపోయింది!

మీరు భయపడుతున్న జుజు సంగతికి వస్తాను. దిబియా అంటే వైద్యుడు, సోదె చెప్పేవాడు, ఒక్కోసారి రెండూ. కాయ పెంకుల్ని దారాలకు గుచ్చి, విసిరి, అవి ఎలా పడ్డాయో చూసి చెప్పే పద్ధతిని అఫా అంటారు. నాకు దగ్గరగా తెలిసింది మాత్రం ప్రమాణాల వ్యవహారం. మా గోడౌన్‌లో యాంటీబయోటిక్ పెట్టెలు పోయాయి. పోలీసులకు చెప్దామంటే మా ఫోర్‌మన్ నవ్వి, అందర్నీ ఒక అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళి ప్రమాణం చేయిద్దామన్నాడు. బైబిల్ మీద చేయిద్దామంటే ఒక్కడూ జంకలేదు, అదే గుడి అనగానే గోడౌన్ అంతా నిశ్శబ్దం. అక్కడ అబద్ధపు ప్రమాణం చేస్తే ఏడాదిలోపు చస్తారని గట్టి నమ్మకం. ఇద్దరు ముగ్గురు మా చర్చి ఒప్పుకోదని గొడవ చేశారు, లేగోస్ ఆఫీసు వద్దని చెప్పింది, అంతటితో ఆగిపోయింది. ఒక కుర్రాడు మర్నాటి నుంచి పనికి రాలేదు. దొంగ అతనే అనలేను, చర్చి అంటే నిజంగా భయం ఉన్నవాడేమో కూడా. ఇలాంటి గుళ్ళకు చీకటి పక్క కూడా ఉంది. 2004లో పోలీసులు ఒకిజా అనే ఊళ్ళో ఒక గుడి మీద దాడి చేస్తే పుర్రెలు, శవాలు బయటపడ్డాయి. ప్రమాణం తప్పి చచ్చారనుకున్నవాళ్ళ శవాల్ని బంధువులే అక్కడ వదిలేసేవారట. అంతకుముందు అరోచుక్వులోని దైవవాణి దగ్గర దోషులని తేల్చినవాళ్ళను బానిసలుగా అమ్మేసేవారు, 1901–02లో బ్రిటిష్ సైన్యం దాన్ని ధ్వంసం చేసింది.

ఈ మతాన్ని నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పట్లేదు. కవలలు పుడితే అడవిలో వదిలేసేవారు, అది పోయింది. ఒసు మాత్రం పోలేదు. దేవతకు అంకితమైనవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అందరూ ఒసులే, మిగతావాళ్ళు వాళ్ళతో పెళ్ళి సంబంధం కలుపుకోరు. దీన్ని రద్దు చేస్తూ 1956లోనే చట్టం వచ్చింది. అయినా మా అకౌంటెంట్ పెళ్ళి చర్చిలో ప్రకటన దాకా వెళ్ళి, అమ్మాయి తరఫు పెద్దలు ఊరికెళ్ళి ఆరా తీశాక ఆగిపోయింది. మన జోగినీల గురించి తెలిసినవాళ్ళకు దేవుడికి అంకితం అనే మాట వెనక ఏముంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకటి, పుట్టి చచ్చి మళ్ళీ అదే తల్లికి పుట్టే పిల్లల్ని ఒగ్బాంజే అనేవారు. ఆ చావుల్లో చాలావరకు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి వల్లేనని ఇప్పుడు డాక్టర్లంటారు. అందుకే ఇప్పుడు పెళ్ళిచూపుల్లో మొదటి ప్రశ్న మీ జీనోటైప్ (రక్తపరీక్షలో తెలిసే ఆ జబ్బు జన్యువుల వివరం) ఏంటని.

ఓకే ఇటే అని రాత్రికి రాత్రి డబ్బు తెచ్చే పూజలు ఈమధ్య యువకుల్లో పెరిగాయి. 2025లో అనంబ్ర ప్రభుత్వం చట్టం చేసి కొందరు దిబియాలను లోపలేసింది కూడా. మీ ఇంట్లోవాళ్ళు చూసిన క్లిప్పులు ఇలాంటివే అయ్యుంటాయి. మా ఓనరు వీళ్ళ పేరెత్తితేనే ఉమ్మేసేవాడు, ఒళ్ళొంచి పని చెయ్యకుండా వచ్చిన డబ్బును ఏ ఇకెంగా ఒప్పుకుంటుందని.

పరాయివాళ్ళ జోలికి ఇవి మామూలుగా రావు. మీరు చెయ్యాల్సింది కొంచెమే. కుడిచేత్తోనే ఇవ్వండి, కుడిచేత్తోనే పుచ్చుకోండి. ఏదైనా స్థలానికి లేత కొబ్బరాకుల్లాంటి పసుపుపచ్చ మట్టలు కట్టి ఉంటే లోపలికి అడుగుపెట్టకండి, అది ఆయిల్ పామ్ మొవ్వు, అక్కడ నిషేధం ఉందని అర్థం. ఆగస్టులో ఎవరైనా కొత్త పెండలం పండగకు పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, పెద్దాయన మొదటి ముక్క తినేదాకా ఆగి తినండి. ముసుగు వేషాలు (మ్మన్వు) రోడ్డు మీద ఎదురైతే కారు పక్కకు ఆపి, అద్దాలెత్తి, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. వాళ్ళ లెక్కలో అవి వేషాలు కావు, నేలలోంచి లేచొచ్చిన పెద్దలు, కాబట్టి లోపల ఎవరున్నారని అడగకూడదు. మీ ఆవిడ కూడా వస్తుంటే, కొన్ని మ్మన్వుల్ని ఆడవాళ్ళు చూడకూడదని ముందే చెప్పండి, ఏవి చూడొచ్చో పక్కింటివాళ్ళను అడిగితే చెప్తారు. ఫోన్ మాత్రం బయటికి తియ్యకండి, మావాడొకడు వీడియో తీయబోతే ఫోన్ లాక్కున్నారు, తిరిగి తెచ్చుకోవడానికి రెండు సీసాల జిన్, ఒక పూట బతిమాలడం పట్టింది.