ఎపాక్సీలో హార్డెనర్ ఎక్కువ వేస్తే కార్బన్ ఫైబర్ ప్యానెల్ త్వరగా గట్టిపడుతుందా?

గట్టిపడదు, పైగా మెత్తగా, ఒక్కోసారి జిగటగానే ఉండిపోతుంది. కార్బన్ ఫైబర్ గుడ్డ పొరల్ని పట్టి ఉంచే జిగురే ఎపాక్సీ. అందులో రెసిన్ అనే ద్రవం, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడితేనే గట్టి పదార్థం అవుతుంది. ఎక్కువైన హార్డెనర్‌కి జత దొరకదు, అది లోపలే మిగిలి ప్యానెల్‌ని బలహీనం చేస్తుంది. అలా చేసిన నల్లటి కారు బానెట్ మండుటెండలో కాలినప్పుడు ఆ లోపం బయటపడుతుంది: ప్యానెల్ వంగుతుంది, గుడ్డ నేత పైకి తేలుతుంది.

చదరపు మీటరు బానెట్‌కి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) ట్విల్ (ఏటవాలు నేత) గుడ్డ మూడు పొరలంటే 600 గ్రాములు. చేత్తో పరిచే పనికి మిశ్రమం కూడా దాదాపు అంతే బరువు పడుతుంది, వృథాకి కాస్త కలిపి 650 గ్రాములు అనుకోండి. డబ్బా మీద బరువు లెక్కన 100:30 అని ఉంటే 500 గ్రాముల రెసిన్‌కి 150 గ్రాముల హార్డెనర్. గ్రాము వరకూ చూపే కాటాపైనే తూచండి. కప్పు గీతలు నమ్మొద్దు, రెండింటి సాంద్రతా ఒకటి కాదు. మొత్తం ఒకేసారి లోతైన మగ్గులో కలిపితే చర్యలో పుట్టే వేడి బయటికి పోక పొగలు కక్కుతుంది. 200 గ్రాముల చొప్పున, అడుగూ అంచులూ గీకుతూ మూడు నిమిషాలు కలిపి, వెంటనే వెడల్పాటి ట్రేలో పోయండి.

ఈ అపోహ ఫైబర్‌గ్లాస్ పని నుంచి వచ్చింది. అక్కడి పాలియెస్టర్ రెసిన్‌లో 1–2 శాతం వేసేది చర్యను మొదలుపెట్టే పదార్థం, కాస్త పెంచితే నిజంగానే త్వరగా బిగుస్తుంది. ఎపాక్సీకి తొందరైతే అదే కంపెనీ ఫాస్ట్ హార్డెనర్ తీసుకోండి, లేదా గదిని 25–30 డిగ్రీల దగ్గర ఉంచండి.