కన్నతండ్రి దగ్గర్నుంచి పిల్లను తీసుకెళ్లడానికి కోర్టు ఆర్డర్ కావాలా?

ప్రశ్న: మా కింది వాటాలో ఎనిమిదేళ్ల పాప ఉంది. తల్లి లేదు. తండ్రి తాగి వచ్చి బెల్టుతో కొడతాడు. ఒక్కోసారి గదిలో పెట్టి తాళం వేసి రాత్రంతా బయటికి పోతాడు. మొన్న పాప మోచేతి మీద కాలిన మచ్చ చూసి స్టేషన్‌కి ఫోన్ చేశాను. ‘కన్నతండ్రి దగ్గర్నుంచి తీసుకురావాలంటే కోర్టు ఆర్డర్ కావాలమ్మా’ అన్నారు. నిజమేనా? పాపను మా ఇంట్లో ఉంచుకుందామంటే కిడ్నాప్ కేసు అవుతుందని మావారికి టెన్షన్. – పేరు వద్దు

జవాబు: నిజం కాదమ్మా. ఫోనెత్తినాయన చట్టం చదవకో, ఆ పూట కదలడం ఇష్టం లేకో అలా అని ఉంటారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, తనతో ఉంటున్న మనిషే కొడుతున్నా, హింసిస్తున్నా ఆ బిడ్డ ‘సంరక్షణ అవసరమైన బాలల’ కిందికి వస్తుంది. ఆ మనిషి కన్నతండ్రి అయినా అంతే. అలాంటి బిడ్డను పోలీసులు ముందుగా ఏ జడ్జి అనుమతీ లేకుండానే బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లవచ్చు.

తీసుకెళ్లడం వరకే వాళ్ల పని. ఎవరికి అప్పగించాలో తేల్చేది వాళ్లు కాదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా సమితి ముందు హాజరుపరచాలి. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే ఆ సమితికి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలుంటాయి. సమావేశం లేని రోజైతే ఒక్క సభ్యుడి ముందైనా చాలు. నేను సభ్యురాలిగా ఉన్నప్పుడు నన్ను బాగా విసిగించింది ఒకటే: స్టేషన్‌లోనే పంచాయితీ పెట్టి, తండ్రి చేత ‘ఇక కొట్టను’ అని కాగితం రాయించుకుని, పిల్లను మళ్లీ అతని వెంటే పంపేయడం. మీ దగ్గర అలా చేయబోతే సమితి ముందు పెట్టమని గట్టిగా అడగండి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడగండి. ప్రతి స్టేషన్‌లో ఏఎస్ఐ స్థాయికి తగ్గని ఒకరికి ఆ బాధ్యత ఉండాలి. దాటవేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి. దెబ్బల చప్పుడు వినిపిస్తున్న సమయమైతే ఎమర్జెన్సీ నంబరు 112. తాళం సంగతి, మచ్చ సంగతి, ఏ తేదీన చూశారో చెప్పండి. ‘పాపం, చాలా కష్టాలు పడుతోంది’ అంటే ఎవరూ జీపెక్కరు.

మీవారి భయంలో కొంత అర్థం ఉంది. ఎవరికీ చెప్పకుండా పాపను దాచిపెట్టుకుంటే చిక్కే. కానీ భయపడి మీ గుమ్మంలోకి వస్తే తలుపు తీసి, వెంటనే 1098కి చెప్పండి. సమితి ముందుకు బిడ్డను తీసుకువచ్చే వీలు పోలీసులకే కాదు. డాక్టరుకు, నర్సుకు, మంచి కోరే మామూలు పౌరులకు, చివరికి ఆ బిడ్డకే ఉంది.

అడగలేక అడుగుతున్నాను, లైంగిక హింస అనుమానం ఏమైనా ఉందా? ఉంటే పోక్సో చట్టం వస్తుంది. తెలిసీ చెప్పకపోతే మీకే 6 నెలల దాకా జైలు పడవచ్చు. బిడ్డకు రక్షణ అవసరమనుకుంటే పోలీసులు కారణాలు రాసిపెట్టి 24 గంటల్లో షెల్టర్‌కో ఆసుపత్రికో చేర్చాలి. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.

సమితి దాకా వెళ్తే పాప హోమ్ పాలవుతుందని బెంగ వద్దు. అది ఆఖరి మార్గం. అమ్మమ్మో మేనత్తో ఉంటే వాళ్లకు అప్పగించే వీలు కూడా చూస్తారు. సోషల్ వర్కర్ నివేదిక 15 రోజుల్లో, తుది ఉత్తర్వు 4 నెలల్లో రావాలి. తండ్రికి అభ్యంతరముంటే 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. కోర్టు ప్రస్తావన అక్కడ వస్తుంది.

మచ్చ ఫొటో తీసి ఉంటే పోలీసులకో సమితికో ఇవ్వండి. వీధి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.