కొండ మీద పాము ఉంటే శేషాచలమేనా?

ప్రశ్న: మావాడికి ఫోన్‌లో ఊళ్ల చిహ్నాలు చూడటం పిచ్చి. మెక్సికోలో కొవాతెపెక్ అనే ఊరి గుర్తు చూపించాడు, కొండ, దాని మీద పాము. పేరుకి అర్థం కూడా పాము కొండేనట. ఫ్యామిలీ గ్రూపులో పెడితే, మనవాళ్లే అక్కడికెళ్లి శేషాచలం అని పేరు పెట్టారని మా బావమరిది తేల్చేశాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ బావమరిది నొచ్చుకున్నా సరే, కాదండీ. కొండలూ పాములూ మన ఒక్కరి సొత్తు కాదు కదా.

అసలు ఆ బొమ్మలో గూఢార్థం వెతకాల్సిన పని లేదు, అది ఊరి పేరే, అక్షరాలకు బదులు బొమ్మలతో రాసుకున్నారు. ఒకప్పుడు మెక్సికోలో రాజ్యమేలిన అజ్‌తెకుల భాష నహువాత్ల్‌లో కోవాత్ల్ అంటే పాము, తెపెత్ల్ అంటే కొండ. చపుల్తెపెక్‌కి అయితే కొండ మీద మిడత ఉంటుంది. కొండను ఎప్పుడూ ఒకేలా, బోర్లించిన గంటలాగా ఆకుపచ్చగా గీసి, అడుగున ఎర్ర, పసుపు పట్టీలు వేసేవాళ్లు. ఊరు అనే మాటే వాళ్లకి ఆల్తెపెత్ల్, అంటే నీళ్లూ కొండా. కపిలతీర్థం పక్కన కాపురముండే మనకి ఇది విడమరిచి చెప్పాలా!

నాకు బాగా నచ్చింది పళ్ల సంగతి. చాలా ఊళ్ల పేర్ల చివర ‘త్లాన్’ వస్తుంది, చోటు అని అర్థం. చోటుని ఎలా గీస్తారు? పన్నుని త్లాంత్లి అంటారు కాబట్టి, శబ్దం కలిసిందని పళ్లు గీసేసేవాళ్లు. చిత్తూరులో చివరి ‘ఊరు’ కోసం ఊరగాయ జాడీ గీసినట్టన్నమాట. ఇది తెలియక ఆ పళ్లకి ధైర్యమనీ కోపమనీ అర్థాలు చెబితే నవ్వులపాలవుతాం.

కొవాతెపెక్ పేరున్న ఊళ్లు అక్కడ ఒకటికి మించే ఉన్నాయి, వెరాక్రూస్ రాష్ట్రంలోది కాఫీకి పేరుమోసింది. పురాణంలోనూ ఒక పాము కొండ ఉంది, యుద్ధ దేవుడు విత్సిలోపోచ్‌త్లి పుట్టింది అక్కడే, తల్లిని చంపడానికొచ్చిన అక్క కోయోల్షావ్‌కిని ఆ కొండ మీంచే కిందికి పడేశాడు. మెక్సికో సిటీలోని అజ్‌తెకుల పెద్ద గుడిని ఆ కొండకు ప్రతిరూపంగానే కట్టారు, మెట్ల మొదట్లో రాతి పాము తలలున్నాయి. 1978లో కరెంటోళ్లు గుంత తవ్వుతుంటే గుండ్రటి పెద్ద రాయి తగిలింది, చూస్తే దాని మీద చెక్కి ఉన్నది కాళ్లూ చేతులూ తెగిపడిన ఆ అక్కగారే, సరిగ్గా మెట్ల కిందే!

మన శేషుడేమో పడగ విప్పి స్వామికి నీడ పడతాడు, ఆయన పడగలే ఏడుకొండలంటాం. రెండు కథలకీ పోలిక ఎక్కడుంది?

బావమరిది ఊరుకోకపోతే శ్రీకాళహస్తి పేరు చూపించండి. సాలీడు, పాము, ఏనుగు. అజ్‌తెక్ లేఖకుడి చేతికిస్తే మూడు బొమ్మలతో ఊరి పేరు రాసిచ్చేవాడు, మనమేమో అయిదు అక్షరాలు రాస్తున్నాం.